దీపములు పెట్టు వేళ

వేసవి వచ్చినదనగా మన గృహములలో రెండు చర్చలు తప్పక బయలుదేరును. ఒకటి నీటిని గూర్చినది, రెండవది కరెంటును గూర్చినది. ఈ మాసమున రెండవదానిని గూర్చి మా సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి. “కరెంటు ఎక్కడనుండి తేవలెనో ప్రభుత్వమువారు చూచుకొందురు, బిల్లు కట్టుటయే మన పని, ఇంతకు మించి మనకేల?” అని కొందరనవచ్చును. కాని కాలము మారినది. ఇన్నాళ్లు కరెంటు విషయమున నున్న ప్రశ్న ఒక్కటే: ఎంత కావలెను? ఇకమీదట దానికంటె పెద్ద ప్రశ్న మరియొకటి వచ్చుచున్నది: ఏ వేళ కావలెను? ఇంటిలో ఏ పని ఏ వేళ జరుగవలెనో చూచుకొనునది గృహిణి. కావున ఈ ప్రశ్న సచివాలయముతో నాగక మన వంటయింటికిని వచ్చి తీరును. అది వచ్చులోపల దాని పూర్వాపరములు తెలిసికొనియుండుట మేలు.

మాట తేటపడుటకై హైదరాబాదు పాతబస్తీలోని సంతోష్‌నగరును తీసికొందము. సైదాబాదు, చంపాపేట, కంచన్‌బాగుల నడుమ నున్న యీ పేటలో మధ్యతరగతి సంసారములు పెక్కు. క్రింద ఇంటివారు, పైన అద్దెవారు. గోడకు గోడ ఆనిన యిండ్లు. ఒక తరము క్రిందట ఇట్టి యింటికి నాలుగు దీపములు, రెండు పంఖాలు ఉన్న చాలును. నేడు కిటికీలో కూలరు, వంటయింట ఫ్రిజ్, మిక్సీ, స్నానముల గదిలో గీజరు, సంపు ప్రక్కన మోటారు, కొన్ని యిండ్లలో ఏసీ, మరికొన్నింట రాత్రియెల్ల ఛార్జింగు కావలసిన స్కూటరు. ఇంట కూర్చుండి కుట్టుపని, మగ్గపు పని చేసికొని నాలుగు రూకలు గడించు స్త్రీలకు కరెంటు పోయిన గంట కూలి పోయిన గంటయే. చంటిబిడ్డయో, మంచముపట్టిన పెద్దవారో ఉన్న యింట మే నెల రాత్రి పంఖా ఆగినచో నెట్లుండునో తల్లులకు మేము చెప్పనక్కరలేదు.

ఇట్టి సంసారముల వాడకమంతయు చేరియే రాష్ట్రపు లెక్క యగుచున్నది. తెలంగాణములో ఒక సమయమున అత్యధికముగా అవసరమైన విద్యుత్తు 2024 మార్చిలో 15,623 మెగావాట్లు. మరుసటి యేడు, 2025 మార్చిలో, అది 17,162 మెగావాట్లకు చేరెను. 2027-28 నాటికి 24,215 మెగావాట్లు, 2034-35 నాటికి 31,809 మెగావాట్లు కావలసి వచ్చునని 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వము అంచనా చెప్పినది. మార్చి మాసమే యేల యనిన, యాసంగి వరికి నీరు మిక్కిలి కావలసిన కాలమది. రాష్ట్రమందలి 25 లక్షలకు పైబడిన వ్యవసాయపు మోటార్లు నడచుచుండగనే నగరమున కూలర్లు, ఏసీలు మొదలగును. పల్లెలోని పొలమును, పట్టణములోని పడకగదియు ఒక్క మూలమునుండియే కరెంటు తీసికొనుచున్నవి.

ఈ శక్తి యెక్కడిది? నగరమున కరెంటు నిజాము కాలమునాటిది. హుస్సేను సాగరు గట్టున 1920లో బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రము వెలసెను. దాని శక్తి 22.5 మెగావాట్లు. నేడు రాష్ట్రమంతటికి గిరాకీ మిక్కుటమైన వేళ కావలసినది దానికి ఏడువందల అరువది రెట్లు. బొగ్గు మన నేలలోనే యుండుట మన భాగ్యము. 1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున దానిని కనుగొనగా, 1889 నుండి త్రవ్వకము సాగెను. అదియే నేటి సింగరేణి. ఆ బొగ్గును నమ్ముకొని కొత్తగూడెము, రామగుండము, మణుగూరులలో కేంద్రములు వెలసినవి. కృష్ణానదిపై నాగార్జునసాగరము, శ్రీశైలము వానికి తోడైనవి.

అయితే యీ రెండు ఆధారములకును వాని వాని కష్టములున్నవి. ఒక యూనిట్టు కరెంటు పుట్టుటకు అర కిలోకు పైగా బొగ్గు కాలవలెను. నెలకు 200 యూనిట్లు వాడు ఇంటికి వచ్చునదంతయు బొగ్గు కరెంటే యైనచో, ఆ యిల్లు ఏడాదికి టన్నుకు మించిన బొగ్గును కంటికి కనబడకుండ కాల్చుచున్నదన్నమాట. దాని పొగయు బూడిదయు కేంద్రముల చెంతనున్న యూళ్లవారి పాలగును. కేంద్రములకు ఆయువును తీరును. కొత్తగూడెమునందలి 720 మెగావాట్ల పాత యంత్రములు మూతబడి, వాని ఎనిమిది శీతల గోపురములు 2024 ఆగస్టు 5న కూల్చబడినవి. క్రొత్తవి కట్టుట యేడాది పని కాదు. దామరచర్ల కడ 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రమునకు 2015లో శంకుస్థాపన జరుగగా, అందులోని తొలి 800 మెగావాట్ల యంత్రము 2024 డిసెంబరునగాని జాతికి అంకితము కాలేదు. గిరాకీ తొమ్మిదేండ్లు ఆగదు గదా.

నీటిని నమ్ముదమన్న అది వానను నమ్ముటయే. 2023లో కృష్ణకు వరద సరిగా రాకపోవుటచే జలవిద్యుత్తు తగ్గెను. అదియు ప్రాణములతో చెలగాటము లేని పని కాదు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ కేంద్రమున నిప్పు పుట్టి తొమ్మిదిమంది మరణించిరి. వారిలో ఒక మహిళా ఇంజనీరు గూడ ఉండెను. మన యింట మీట నొక్కినంతనే వెలుగు వచ్చుటకు వెనుక ఇందరి కాపు ఉన్నదని మరువరాదు.

ఇక మిగిలినవాడు సూర్యుడు. 2014లో రాష్ట్ర మేర్పడిననాడు సౌరవిద్యుత్తు పేరునకు మాత్రమే యుండెను. 2025 నాటికి అది 5,000 మెగావాట్లకు దరిదాపుగా వచ్చెను. రామగుండమున బొగ్గు కేంద్రపు జలాశయముపైననే తేలియాడు పలకలతో కట్టిన 100 మెగావాట్ల సౌరకేంద్రము 2022 జూలై నుండి పూర్తిగా పనిచేయుచున్నది. ఒకే చోట నేలబొగ్గు కాలుచు, నీటిపై ఎండ పండుచున్నది. 2030 నాటికి ఇట్టి పునరుత్పాదక శక్తిని మరి 20,000 మెగావాట్లు చేర్చవలెనని 2025 నాటి రాష్ట్ర విధానము. మహిళా సంఘముల యాజమాన్యముననే 1,000 మెగావాట్ల సౌరకేంద్రములు పెట్టింపవలెననియు నిశ్చయించినారు. పెద్ద సౌరకేంద్రముల కరెంటు యూనిట్టు రెండున్నర రూపాయల ప్రాంతమున దొరకుచున్నది. బొగ్గు అక్కరలేదు, పొగ లేదు. అట్లయిన చిక్కేమి?

చిక్కు దీపములు పెట్టు వేళ వచ్చుచున్నది. ఎండ మిక్కుటముగా నుండునది మధ్యాహ్నము. ఆ వేళ మగవారు పనులకు, పిల్లలు బడులకు పోయియుందురు. సూర్యుడు క్రుంకిన వెంటనే అందరును ఇల్లు చేరుదురు. అప్పుడే దీపములు, పంఖాలు, టీవీ, వంట, మిక్సీ, ఏసీ అన్నియు ఒక్కమారు మొదలగును. మనకు కరెంటు మిక్కిలి కావలసిన గంటకే సూర్యుడు సెలవు తీసికొనుచున్నాడు. ఆ లోటును బొగ్గు కేంద్రములు పూడ్పవలెను. అవి గ్యాసు పొయ్యి వంటివి కావు, త్రిప్పిన వెలిగి త్రిప్పిన ఆరుటకు, కుంపటి వంటివి. చల్లారిన దానిని మరల రాజవేయుటకు గంటలు పట్టును, నూనె ఖర్చగును. కావున పగలు వానిని ఆర్పక, మంట తగ్గించి ఉంచి, సాయంకాలము హెచ్చింపవలసి వచ్చుచున్నది. పగటిపూట సూర్యుడెంత ఇచ్చినను రాత్రికై బొగ్గు కొలిమిని పోషింపక తప్పదు.

కరెంటు పెరుగువలె తోడుపెట్టుకొనునది కాదు, ఆవకాయవలె జాడీ కెత్తుకొనునదియు కాదు. పుట్టిన క్షణముననే ఖర్చు కావలెను. పుట్టుకయు ఖర్చును సరితూగుచున్నంతవరకే సెకనుకు 50 ఆవృత్తుల దాని లయ నిలుచును. 2012 జూలై 30, 31 తేదీలలో తీగలపై బరువు మీరి తూకము తప్పగా, ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతములలో 60 కోట్లకు పైగా జనులున్న ప్రాంతములు చీకటిపాలైనవి. అప్పుడు దక్షిణదేశపు విద్యుత్ వల వేరుగా నుండుటచే ఆ చీకటి మనకు సోకలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూరుల నడుమ వేసిన తీగతో మనమును ఆ పెద్ద వలలో చేరితిమి. ఇరుగుపొరుగు రాష్ట్రములనుండి చేబదులు తెచ్చుకొను సౌకర్యమును కలిగినది, అందరితోపాటు తూకము కాపాడవలసిన బాధ్యతయు కలిగినది.

మరి పగటి ఎండను రాత్రికి దాచు ఉపాయము లేదా? ఉన్నది, అది మన యింటి మేడపై నున్నదే. కరెంటున్నప్పుడు సంపులోని నీటిని మోటారుతో పై ట్యాంకునకు ఎక్కించుకొందుము. కావలసినప్పుడు నల్లా త్రిప్పుకొందుము. నాగార్జునసాగరమునందలి ఎనిమిది యంత్రములలో ఏడును, శ్రీశైలము ఎడమగట్టునందలి 150 మెగావాట్ల యంత్రములారును ఈ పద్ధతిననే వెనుకకు త్రిప్పుటకు వీలుగా కట్టినవి. కరెంటు మిగులునప్పుడు క్రిందికి దిగిన నీటిని పైకి తోడి, కొరతవేళ మరల క్రిందికి వదలుదురు. నాలుగు వంతులు వెచ్చించిన సుమారు మూడు వంతులు తిరిగి వచ్చును. కర్నూలు సీమలో పిన్నాపురము కడ 1,680 మెగావాట్ల ఇట్టి కేంద్రమును ఈ పనికే ప్రత్యేకముగా కట్టినారు. పెద్ద పెద్ద బ్యాటరీలును వచ్చుచున్నవి. ఇన్వర్టరున్న యిండ్లవారికి దాని సంగతి తెలిసినదే. అదియే సబ్ స్టేషనంత పరిమాణమున అన్నమాట.

ఇంకొక ఉపాయము కరెంటును దాచుట కాక, పనిని జరుపుట. ఇది మనయందే యున్నది. 2023 జూనులో కేంద్ర ప్రభుత్వము నిబంధనలు సవరించి, ఎండవేళల కరెంటు 10 నుండి 20 శాతము చౌకగాను, రద్దీవేళల కరెంటు అంతే ప్రియముగాను ఉండునట్లు దారి చూపినది. వేళను గుర్తింపగల స్మార్ట్ మీటరు పెట్టిన యిండ్లకే యిది వర్తించును. నేడు ప్రతి యింటను లేకున్నను, ముందునకు పోవు దారి అదియే. కూరల అంగడిలో ఉదయమొక ధర, సాయంకాలమొక ధర చూచిన మనకు ఇది వింత కాదు.

ఇచ్చట స్త్రీల పక్షమున మేము చెప్పవలసిన మాట యొకటి కలదు. ఇంటి పనులలో జరుపదగినవి కొన్ని, జరుపరానివి కొన్ని. బట్టల యంత్రము, ఇస్త్రీ, పిండి రుబ్బుట, ట్యాంకు నింపుట, సెలవునాడు స్కూటరు ఛార్జింగు, ఇవి ఎండవేళకు మార్చుకొనవచ్చును. రాత్రి వంట, పిల్లల చదువు, పడకగదిలో పంఖా, ఉపవాస దినములలో తెల్లవారుజామున లేచి వండుకొను పొరుగింటి ముస్లిము సోదరి పొయ్యి, ఇవి మార్చరానివి. మార్చదగిన వానిని గూడ అందరును మార్చుకొనలేరు. పగలు ఉద్యోగమునకు పోవు ఇల్లాలు బట్టలుతుకుట రాత్రియే. నల్లానీరు వచ్చు వేళ మన చేతిలో లేనిచో మోటారు వేళయు లేదు. కావున “పని వేళ మార్చుకొనుడు” అను ఉపదేశమొక్కటియే రాష్ట్రపు లోటును తీర్పజాలదు. చేయగల వారు చేయవలెను. చేయలేనివారిపై అది శిక్ష కారాదు. రాత్రికి కావలసిన శక్తిని దాచియుంచు భారము మొదట ప్రభుత్వముది, పంపిణీ సంస్థలది, తరువాతనే గృహిణిది.

అయినను, మన చేతిలో నున్నంత చేసికొనుట మన సంసారమునకే లాభము. 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకము క్రింద అర్హత గల కుటుంబములకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. 201వ యూనిట్టు దాటెనా, మొత్తమునకు కట్టవలెను. అది వేయి రూపాయలకు మించును. వేసవిలో ఈ గీత దాటకుండుట ఎట్లు? లెక్క చూడుడు. పాతరకపు పంఖా 75 వాట్లది. దినమునకు 16 గంటలు తిరిగిన 1.2 యూనిట్లు. నేటి క్రొత్తరకము 30 వాట్లది; అంతే సేపటికి అర యూనిట్టునకు లోపు. ఒక్కొక్క పంఖాకు నెలకు సుమారు 21 యూనిట్లు మిగులును; మూడు పంఖాలకు 60 దాటును. వెల కొంత యెక్కువైనను వేసవులు గడచుకొలది తీరును. 60 వాట్ల పాత బల్బు ఇంకను ఎక్కడనైన మిగిలియున్న, 9 వాట్ల ఎల్‌ఇడి దీపము అంత వెలుగు నిచ్చును. ఏసీ యున్నవారు 24 డిగ్రీల వద్ద నుంచి పంఖా తోడు చేసికొనవలెను. ఒక్కొక్క డిగ్రీ పెంచిన నూటికి ఆరు వంతుల కరెంటు మిగులును.

అన్నిటికంటె చౌకయైన ఉపాయము సున్నము. డాబా యెండకు కాగి రాత్రియెల్ల గదిలోనికి వేడిని వదలుటచేతనే గదా కూలరు తెల్లవార్లు తిరుగవలసి వచ్చుట. వేసవికి ముందు మేడపై తెల్లని సున్నపు పూత రెండు మారులు వేయించిన వేడి పైనుండియే మరలిపోవును. 2017లో నగరములోని దేవరకొండ బస్తీలో బీదల యిండ్లపై తెల్లని కప్పు పరచి చూడగా, లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గెను. 2023లో రాష్ట్ర ప్రభుత్వము చల్లని కప్పులకై ప్రత్యేక విధానమునే ప్రకటించినది. మన పెద్దలెరిగిన పనికి ఇన్నాళ్లకు శాస్త్రపు ముద్ర పడినది.

ఇల్లు స్వంతమై, కప్పుపై నీడ పడనివారు సౌరపలకలను గూర్చి యోచింపవచ్చును. ఒక కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల చోటు కావలెను. దినమునకు 4 యూనిట్ల ప్రాంతము వచ్చును. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమున 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకును అంతకు మించినదానికిని 78,000 రూపాయలు కేంద్ర ప్రభుత్వము సాయము చేయును. పగలు మిగిలిన కరెంటు మీటరు ద్వారా బయటికి పోయి మన లెక్కలో జమయగును. ఒక్క జాగ్రత్త: బ్యాటరీ లేని సాధారణ పలకలు వీధి కరెంటు పోయినప్పుడు తామును ఆగిపోవును. తీగ బాగుచేయు లైనుమను ప్రాణరక్షణకై అట్లు అమర్చినారు. “పలకలుండగా చీకటి యేల?” అని తరువాత కలత చెందకుండ ముందే తెలిసికొనవలెను. పలకలపై ధూళిని పదునైదు దినముల కొకమారు కడుగుటయు మరువరాదు.

అయితే పైయంతస్తు అద్దెవారి మాట యేమి? పొరుగు మేడ నీడలో నున్న చిన్న యింటి మాట యేమి? సంతోష్‌నగరు వంటి పేటలలో ఇట్టివారు పెక్కుమంది. కప్పున్నవారికే సూర్యుడు, లేనివారికి బిల్లు అన్నచో న్యాయము కాదు. ఒకచోట ఉమ్మడిగా పలకలు పెట్టి, వచ్చిన కరెంటును పలువురి బిల్లులలో పంచి తగ్గించు పద్ధతికి ఢిల్లీలో 2019 నుండియే నిబంధనలున్నవి. బడులు, సమాజ భవనములు, ప్రభుత్వ కార్యాలయముల విశాలమైన కప్పులు మన పేటలలోను కలవు. వానిని ఈ విధముగా వినియోగించి అద్దె యిండ్లవారిని గూడ చేర్చుకొనుమని మన మడుగవలెను. ఇరుకు సందులలో బరువు మోయలేక వేసవి రాత్రి కాలిపోవు ట్రాన్సుఫార్మర్లను వేసవికి ముందే మార్చుమనియు అడుగవలెను. ఎన్ని మెగావాట్లు పుట్టినను సందు చివరి తీగ సన్నమైనచో మన పంఖా తిరుగదు. ఓటడుగ వచ్చువారిని రోడ్డు, నల్లా అడుగునట్లే ఈ రెండును అడుగుట మన హక్కు.

దీపములు పెట్టు వేళ లక్ష్మి యింటికి వచ్చునని మన పెద్దల నమ్మిక. ఆ వేళ ఏ యింటను చీకటి యుండరాదనుటయే దాని సారము. రానున్న పదేండ్లలో ఆ గంటను వెలుగుతో నిలుపుట రాష్ట్రమునకు పెద్ద పరీక్ష కానున్నది. మన సోదరీమణులు ఒక పని చేయవలెనని కోరుచున్నాము. ఈ నెల ఏడు దినములు, సాయంకాలము ఆరు గంటలకొకమారు, రాత్రి పదింటికొకమారు మీటరు చూచి వ్రాసికొనుడు. ఆ నాలుగు గంటలలో మీ యింట ఎన్ని యూనిట్లు ఖర్చయినవో, అందులో ఏ పని పగటికి మార్చగలిగితిరో, ఏది మార్చలేకపోతిరో, ఏలనో, మాకు వ్రాసి పంపుడు. మార్చలేనివానిని గూర్చిన జాబులనే ముందుగా ప్రకటింతుము. అధికారులు మొదట చదువవలసినవి అవియే.